ఓడ కొన్నారు సరే, డీజిల్ ఎవరు పోస్తారు?

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు అని మనకో సామెత ఉంది. సముద్ర పరిశోధన ఓడల విషయంలో మన దేశం చేస్తున్నది అచ్చంగా ఇదే. 2024 జులైలో గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం (ఎన్‌సీపీఓఆర్) కొత్త పరిశోధన ఓడ కోసం కోల్‌కతా గార్డెన్ రీచ్ షిప్‌యార్డుతో ఒప్పందం చేసుకుంది. విలువ సుమారు 840 కోట్లు. అంతకుముందు 2021 జూన్‌లో డీప్ ఓషన్ మిషన్ అని 4077 కోట్ల పథకానికి కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. మంచిదే, కాదనను. పేపర్లన్నీ కోట్ల లెక్క రాశాయి, ఓడ పొడవు రాశాయి. అది ఏడాదికి ఎన్ని రోజులు సముద్రంలో ఉంటుంది, ఆ రోజులకి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది అన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

"నల్గొండోడివి, నీకు సముద్రం గోలేంటి?" అంటారేమో. మా ఊరి నుంచి తీరానికి పోవాలంటే ఒక పగలంతా బస్సులో కూర్చోవాలి. మా పెద్దనాయిన కూడా ఇదే అడిగాడు, "ఏందిరా, సముద్రంల ఓడ తిరిగితే మన చెల్కల వాన పడ్తదా?" అని. పడదు పెద్దనాయినా. కానీ వాన ఎప్పుడు ఆగుతుందో, ఎన్నాళ్ళకి మళ్ళీ వస్తుందో కొంచెం ముందుగా చెప్పాలంటే బంగాళాఖాతం కడుపులో ఏం జరుగుతోందో తెలియాలి. అది తెలియాలంటే ఎవరో ఒకరు ఓడేసుకుని అక్కడికి పోవాలి.

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి, నారాయణపేట వైపు మనవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. (జిల్లాలు ఎన్ని ముక్కలు చేసినా నా నోట్లో ఇంకా ఆ రెండు పాత పేర్లే.) ఏడాదికి ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన, ఎర్ర చెల్కలు, ఆముదం, కంది, ఇప్పుడు పత్తి. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడగానే విత్తనం వేస్తారు. తరవాత ఇరవై రోజులు మబ్బు కనపడదు. మొలక మాడిపోతుంది, మళ్ళీ విత్తనం కొనాలి, మళ్ళీ అప్పు. రైతుకి కావాల్సింది దేశం మొత్తం మీద సగటు ఎంత అని కాదు. ఈ పదిహేను రోజులు ఆగాలా, వెయ్యాలా అన్నదొక్కటే.

2009 సంగతి చూడండి. ఆ ఏప్రిల్‌లో వాతావరణ శాఖ దేశంలో వర్షం సగటులో 96 శాతం ఉంటుందంది. చివరికి పడింది 78 శాతం. మా వైపు చెల్కలు ఎండిపోయాయి. సరే కరువు అనుకుని జనం బొంబాయి, పూనా బస్సులెక్కాక, సెప్టెంబరు చివర్లో, అక్టోబరు మొదట్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. తుంగభద్ర, కృష్ణ కలిసి పొంగితే శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ఇన్‌ఫ్లో. కర్నూలు, అలంపురం నీళ్ళలో మునిగాయి. ఒకే జిల్లా, ఒకే ఏడాది, మూడు నెలల తేడాలో కరువు, వరద రెండూ చూసింది. ఓడలు ఉండుంటే ఇదంతా ముందే తెలిసిపోయేదని బుకాయించను. కానీ ఆ కరువు వెనకున్న ఎల్‌నినో పుట్టింది సముద్రంలో, ఆ వరద వెనకున్న అల్పపీడనం పుట్టిందీ సముద్రంలోనే. మన చెల్క కష్టాల కీలకం ఉప్పునీళ్ళల్లో ఉంటే, ఆ ఉప్పునీళ్ళని కొలిచే ఖర్చు మనకి సంబంధం లేదంటే ఎలా?

బంగాళాఖాతం మామూలు సముద్రం కాదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, ఇవన్నీ మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి. (కృష్ణ కూడా పోసేది... మన డ్యాములు నిండాక మిగిలితే ఇప్పటికీ పోస్తుంది.) ఆ తేలికపాటి నీళ్ళు పైన పలచటి దుప్పటిలా పరుచుకుని కిందున్న చల్లటి ఉప్పునీటిని పైకి కలవనివ్వవు. అందుకే పైపొర వేడిగా ఉంటుంది, అక్కడే మబ్బులు పుట్టి మన మీదకొస్తాయి. ఆ దుప్పటి మందం ఎంత, గాలివానకి ఎంత కలిసింది, మళ్ళీ వేడెక్కడానికి ఎన్ని రోజులు పట్టింది, వీటిని కొలవడానికే 1999లో బాబ్‌మెక్స్ అని జులై, ఆగస్టుల్లో సాగర్ కన్య, ఐఎన్ఎస్ సాగరధ్వని ఓడలు బంగాళాఖాతం పోయాయి. 2016 జూన్, జులైల్లో బాబుల్ అని ఇంకో ప్రయోగానికి సింధు సాధన వెళ్ళింది. ఈ రెండింటి మధ్య ఎన్నేళ్ళో మీరే లెక్కేసుకోండి. మధ్యలో వేరే యాత్రలు జరగలేదని కాదు. కానీ వానాకాలం నడిమధ్యలో, సముద్రం మహా రఫ్‌గా ఉన్నప్పుడు, ఒకేచోట రోజుల తరబడి నిలబడి కొలిచే అవకాశం ఏటా దొరకదు. ఓడ ఖాళీ ఉండాలి, డబ్బులుండాలి, ఆ రెండూ జూన్‌లోనే ఉండాలి. డిసెంబర్‌లో ఓడ ఇస్తామంటే ఈ పనికి పెళ్ళయిపోయాక పందిరి వేసినట్టే.

వెంటనే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. "శాటిలైట్లున్నాయి కదా బాస్, ఆర్గో ఫ్లోట్లున్నాయి కదా, ఓడలెందుకు?" శాటిలైట్ చూసేది సముద్రం చర్మాన్ని. కింద యాభై మీటర్ల దగ్గర ఏముందో దానికి కనపడదు. ఆర్గో ఫ్లోటు రెండు వేల మీటర్ల లోతుకి పోయి మామూలుగా పది రోజులకోసారి పైకొచ్చి రిపోర్టు చేస్తుంది. అద్భుతమైన పరికరం, కానీ ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు పోతుంది. పైగా దాన్ని సముద్రంలో వదలడానికీ ఏదో ఒక ఓడ పోవాలిగా! ఇక లంగరేసి ఒకేచోట తేలేలా ఉంచే బోయ్‌లున్నాయి. వాటికి నాచు పడుతుంది, బ్యాటరీ అయిపోతుంది, చేపల పడవలు తాళ్ళు కట్టి పాడుచేస్తాయి. ఏడాదికి ఒకసారైనా ఓడ పోయి మార్చకపోతే మూగబోతాయి. మన ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది కదా, 1999లో పెట్టారు, సునామీ హెచ్చరికలిచ్చేది వాళ్ళే. రుతుపవనాల మోడల్‌కి సముద్రం తాలూకు మొదటి స్థితిని లెక్కగట్టి ఇచ్చేదీ వాళ్ళే. ఏసీ గదిలో నడిచే ఆ మోడల్ నోట్లోకి పోయే డేటా ఎక్కడో నడిసముద్రంలో ఒక క్రేన్ ఆపరేటర్ చేతుల మీదుగా వస్తుంది. గార్బేజ్ ఇన్, గార్బేజ్ అవుట్ అని మనకి ఫస్టియర్‌లోనే చెప్పారు. ఇక్కడ అసలు ఇన్నే లేకపోతే?

ఇది ఊహించి చెప్పట్లేదు, అమెరికాలో జరిగింది. పసిఫిక్ నడుమ ఎల్‌నినోని కనిపెట్టడానికి టావో అని బోయ్‌ల వరస ఉంది. వాటిని చూసుకోవడానికి కైమిమోఆనా అని ఒక ఓడ. 2012లో బడ్జెట్ కోత పెట్టి ఆ ఓడని పక్కన కట్టేశారు. దెబ్బ పడింది ఓడ రోజుల మీద. 2014 మొదటికల్లా ఆ వరస నుంచి వచ్చే డేటా 40 శాతం చుట్టుపక్కలకి పడిపోయింది. ఆ ఏడాది వసంతంలోనే ప్రపంచమంతా పెద్ద ఎల్‌నినో వస్తుందా రాదా అని పసిఫిక్ వైపు చూస్తోంది. అప్పుడు గాభరాపడి అద్దె ఓడలు పెట్టి మళ్ళీ సరిచేసుకున్నారు. మనకి 2014లో వర్షం 88 శాతం, 2015లో 86 శాతం. వాషింగ్టన్‌లో ఎవరో ఒక గుమాస్తా డీజిల్ పద్దు మీద గీత గీస్తే గుడ్డిదయ్యేది మన మృగశిర కార్తె కూడా. వాళ్ళకి డబ్బుల్లేక కాదు. పరికరం కొనేది ఒక పద్దు, దాని దగ్గరికి పోయే ఓడ ఇంకో పద్దు, ఒకదాన్ని కోస్తే రెండోది చస్తుందని కోసినవాడికి పట్టలేదు.

సరే, మన సంగతికొద్దాం. మన దగ్గర ఓడలు లేవా అంటే, ఉన్నాయి. ఎవరివి అని అడగండి, అక్కడుంది తమాషా. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖవి కొన్ని: 1983లో జర్మనీ నుంచి వచ్చిన సాగర్ కన్యని చూసుకునేది గోవా సంస్థ, 1984లో డెన్మార్క్ నుంచి వచ్చిన సాగర్ సంపదని చూసుకునేది కొచ్చి సంస్థ, 2008లో ఇటలీ నుంచి వచ్చిన సాగర్ నిధినీ, తీరం దగ్గర తిరిగే చిన్న ఓడల్నీ చూసుకునేది చెన్నైలోని ఎన్ఐఓటీ. సీఎస్ఐఆర్ కింద గోవాలో ఉన్న ఎన్ఐఓకి సింధు సాధన, సింధు సంకల్ప్ వేరే. గనుల శాఖ కింద జీఎస్ఐకి 2013లో కొరియా నుంచి వచ్చిన సముద్ర రత్నాకర్ వేరే. డీఆర్‌డీఓకి సాగరధ్వని. చేపల సర్వే వాళ్ళకి వాళ్ళవి. అన్నీ ప్రజల డబ్బుతో కొన్నవే, అన్నీ ఎక్కువగా ఆ రెండు సముద్రాల్లో తిరిగేవి. షెడ్యూలు మాత్రం ఎవరిది వాళ్ళ ఆఫీసు గోడ మీద. భూవిజ్ఞాన శాఖ తన గోడల లోపల కలుపుకుంటోంది, బయట సంస్థలకీ చోటిస్తోంది, న్యాయంగా అది చెప్పాలి. 2021 మేలో తన ఆరు ఓడల్నీ నడిపే పని చెన్నైలో ఒకే కంపెనీకి ఇచ్చింది, మూడేళ్ళకి సుమారు 142 కోట్లకి. కానీ ఒక మంత్రిత్వ శాఖ ఓడ గోవా నుంచి ఖాళీగా బంగాళాఖాతానికి వస్తున్నప్పుడు ఇంకో శాఖ వాడి బోయ్ అదే దారిలో మూగగా తేలుతోందేమో చూసే క్యాలెండర్ ఏదీ? మనలో మనం చూసుకోవడానికే లేదు, ఇక జనానికి ఎక్కడ కనపడుతుంది!

పై లెక్కని కొంచెం విప్పి చూద్దాం. 142 కోట్లు, మూడేళ్ళు, ఆరు ఓడలు. ఓడకి ఏడాదికి దాదాపు 7.9 కోట్లు, అంటే రోజుకి 2 లక్షల చిల్లర. ఓడ కదిలినా కదలకపోయినా మనుషుల జీతాలు, తిండి, మెయింటెనెన్స్ ఆగవు. ఇది మన భాషలో రిజర్వ్‌డ్ ఇన్‌స్టాన్స్. వాడకపోయినా బిల్లు వస్తుంది. ఇప్పుడు అసలు ఉరితాడు ఎక్కడుందో చూడండి. ఉదాహరణకి అన్ని ఖర్చులూ కలిపి ఒక పెద్ద ఓడకి ఏడాదికి 30 కోట్లు అనుకుందాం (ఇది నా ఊహాంకె, లెక్క కోసం). 250 రోజులు తిరిగితే రోజు రేటు 12 లక్షలు. ప్రాజెక్టులు తగ్గి 150 రోజులే బుక్ అయితే 20 లక్షలు. రేటు పెరగ్గానే చిన్న ప్రాజెక్టులు పారిపోతాయి, రోజులు ఇంకా తగ్గుతాయి, రేటు ఇంకా పెరుగుతుంది. చివరికి ఒకాయన వచ్చి "ఈ ఓడకి డిమాండ్ లేదు, అమ్మేద్దాం" అంటాడు. డిమాండ్‌ని చంపింది ఎవరు నాయనా?

నేను పనిచేసిన ఒక చోట (పేరెందుకు లెండి) అయిదు టీములకి కలిపి ఒకటే ఖరీదైన టెస్ట్ సెటప్ ఉండేది. కొన్నది ఒక డిపార్ట్‌మెంట్, లైసెన్స్ రెన్యూవల్ ఇంకో డిపార్ట్‌మెంట్. రెన్యూవల్ నాడు ఎవరూ చెయ్యెత్తలేదు. నాలుగు నెలలు అది దుమ్ము కొట్టుకుపోయింది, మేం సిమ్యులేటర్ మీద టెస్ట్ చేసి ప్రొడక్షన్‌లో తిట్లు తిన్నాం. పొత్తుల మగడు పుచ్చి చచ్చాడని ఊరికే అనలేదు.

షెడ్యూలింగ్ అంటే మనవాళ్ళకి నోరూరుతుంది, కాబట్టి ఆ సంగతి కొంచెం చెప్తా. ఓడని గోవా నుంచి చెన్నైకి తేవాలంటే శ్రీలంకని చుట్టి రావాలి, పాక్ జలసంధిలో లోతు లేదు. నాలుగైదు రోజులు ఉత్త ప్రయాణానికే. అరేబియాలో ఒక యాత్ర, బంగాళాఖాతంలో ఒకటి, మళ్ళీ అరేబియాలో ఒకటి అని పెట్టుకుంటే నెలలో సగం డీజిల్ లంక చుట్టూ ప్రదక్షిణకే సరి. డ్రై డాక్ గడువు తప్పదు. కొన్ని పనులు ఫలానా నెలలోనే కుదురుతాయి. ఒక ఓడకి లోతు నీళ్ళ వించి ఉంటుంది, ఇంకోదానికి ఉండదు. విదేశీ సైంటిస్టు ఎక్కాలంటే అనుమతులకే నెలలు. ఎక్కించడానికి ఒక రోజు, దించడానికి ఒక రోజు. ఇదంతా పెట్టి గరిష్టంగా పని దినాలు రాబట్టడం అనేది మన ట్రావెలింగ్ సేల్స్‌మన్‌కి పెద్దన్న లాంటి సమస్య. ఓడలు ఎక్కువైన కొద్దీ కలిపి షెడ్యూల్ చేస్తే లాభం, విడివిడిగా చేస్తే నష్టం. ఇది అర్థం కావడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. మన ఊళ్ళలో బోర్లేసే తిరుచెంగోడు బండ్లని చూడండి. తమిళనాడు నుంచి వస్తాయి, ఈ ఊళ్ళో బోరు అయిపోయేలోపు పక్క ఊళ్ళో ఏజెంట్ ముగ్గురు రైతులతో మాట్లాడి ఉంచుతాడు. బండి ఒక్క రోజు ఖాళీగా నిలబడితే ఓనర్‌కి నిద్ర పట్టదు. ఆ బండ్లు మా నేలకి చేసిన మేలు, కీడు వేరే చర్చ. కానీ ఖాళీ రోజు ఖరీదెంతో ఆ ఏజెంట్‌కి తెలిసినంత ఢిల్లీలో తెలియదు.

ఇంకా పాత ఉదాహరణ కావాలా? మన చెరువుల కింద నీరటి ఉండేవాడు. తూము ఎత్తేది, దించేది అతనొక్కడే. ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళో ఆయకట్టు మొత్తానికీ తెలుసు. యాసంగికి చెరువులో ఎంత నీరుందో చూసి తైబందీ చేసి ఇన్ని ఎకరాలకే అని ముందే తేల్చేవారు. మరి నీరటికి కూలి? కొంత ఇనాం భూమి, దాని మీద పంట మీద మేర. అంటే చెరువు నిండినా నిండకపోయినా బతకడానికి ఒక ఆధారం, నిండితే వాడకాన్ని బట్టి వాటా. ఆ పనిని కులం పేరుతో కొందరి మెడకి కట్టారు, కాబట్టి ఆ రోజులే బంగారం అని నేననను. కానీ ఆ లెక్కలోని తెలివి చూడండి. ఓడలకీ కావాల్సింది సరిగ్గా ఇదే: సిబ్బందికి, మరమ్మతులకి, డాక్‌కి ఏటా కచ్చితంగా వచ్చే ఒక మూల నిధి. దాని మీద సముద్రంలో గడిపిన రోజులకి ప్రాజెక్టు నుంచి మేర. మూల నిధి ఉంటే రోజు రేటు ఎగరదు, మేర ఉంటే ఎవడూ ఊరికే రోజులు బ్లాక్ చేసి పెట్టుకోడు.

అమెరికాలో 1971లో యునోల్స్ అని పెట్టుకున్నారు. ఓడ నేవీది కావచ్చు, సైన్స్ ఫౌండేషన్‌ది కావచ్చు, యూనివర్సిటీది కావచ్చు, నడిపేది ఏదో ఒక విద్యా సంస్థ. సైంటిస్ట్ తనకి ఎన్ని రోజులు, ఎక్కడ, ఏ నెల, ఏ పరికరాలు అని అడుగుతాడు. సైన్స్ బాగుందని డబ్బు మంజూరయ్యాక షెడ్యూలర్లందరూ ఒక టేబుల్ దగ్గర కూర్చుని ఏ ఓడ పోవాలో తేలుస్తారు. షెడ్యూలు జనం చూసేలా పెడతారు. యూరప్ వాళ్ళు ఇంకో మెట్టు పైన. డబ్బు చేతులు మారకుండానే 1996 నుంచి ఓడ రోజులు మార్చుకుంటున్నారు, ఇంగ్లండ్ వాడి ఓడ జర్మనీ వాడి పని చేసి పెడితే లెక్క రాసుకుని తరవాత బదులు తీర్చుకుంటారు. మా ఊళ్ళలో కూలికి కాకుండా బదులుకి నాటుకి పోతారే, అదే. ఆరు దేశాలు చెయ్యగలిగింది ఒకే దేశంలోని మంత్రిత్వ శాఖలు చెయ్యలేవా?

వాళ్ళదంతా స్వర్గం అని కాదు. టావో కథ చెప్పాను కదా. జాయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకం ఓడకి 2024తో మద్దతు ఆపేశారు. 2006లో మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రం కింద గ్యాస్ హైడ్రేట్లు తవ్వి తీసింది అద్దెకి తెచ్చుకున్న ఆ ఓడే, 113 రోజుల యాత్ర. 2014, 2015ల్లో బంగాళాఖాతం అడుగున పాత రుతుపవనాల జాడ వెతికిందీ అదే. పోయింది. అందుకే పక్కింటి ఓడ ఎప్పుడూ ఉంటుందిలే అనుకోవడం కుదరదు.

ఇప్పుడు నా వాదనకి నేనే అడ్డు చెప్తా, లేకపోతే మీరు చెప్తారు. అన్ని ఓడలూ ఒక కమిటీ చేతిలో పెడితే ఢిల్లీలో పరపతి ఉన్నవాడే జూన్, జులై రోజులన్నీ ఎగరేసుకుపోతాడు, నల్గొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ చదివే అమ్మాయికి ఓడ ముఖం కూడా కనపడదు. ఇది నిజమైన భయం. అందుకే ఓడలు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి, నడపనివ్వండి, కలపాల్సింది క్యాలెండర్‌నీ, పద్దునీ. ఎవరు ఎన్ని రోజులు అడిగారు, ఎవరికిచ్చారు, ఎందుకు కాదన్నారు అన్నది అందరికీ కనపడితే పరపతి ఆటలు సగం తగ్గుతాయి. ప్రతి యాత్రలో నాలుగు బెర్తులు చిన్న యూనివర్సిటీలకి పక్కన పెట్టండి. 1952లో లాఫాండ్ అనే అమెరికన్ వచ్చి ఆంధ్రా యూనివర్సిటీ కుర్రాళ్ళతో బంగాళాఖాతాన్ని కొలవడం మొదలెట్టినప్పుడు వాళ్ళకి సొంత ఓడ లేదు, నేవీ ఓడలెక్కారు. అడిగి ఎక్కారు, ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. మన దగ్గర ఈ శాస్త్రం పుట్టిందే ఓడ పంచుకోవడంతో.

కామెంట్లో "అయితే ఏం చేద్దామంటావ్" అని రాసే ముందు ఒక పని చేయండి. కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ పోర్టల్‌లో పది రూపాయలు కట్టి అప్లికేషన్ పెట్టొచ్చు. నేను పెడుతున్న ప్రశ్నలు ఇవి, కావాలంటే ఎత్తుకోండి: గత అయిదేళ్ళలో ఒక్కో ఓడ ఏడాదికి ఎన్ని రోజులు సముద్రంలో ఉంది, ఎన్ని రోజులు జెట్టీలో ఉంది, జెట్టీలో ఉన్న రోజుల్లో ఎన్ని మరమ్మతుల వల్ల, ఎన్ని డబ్బు లేక. బంగాళాఖాతంలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా గడిపిన రోజులెన్ని. అడిగినా ఓడ దొరకని ప్రాజెక్టులెన్ని. అనుకున్న గడువు ప్రకారం 2028 మొదట్లో చేతికి రావాల్సిన ఆ 840 కోట్ల ఓడకి మొదటి అయిదేళ్ళు నడిపే ఖర్చు ఏ పద్దు కింద, ఎంత కేటాయించారు.